మూడో ప్రకటన

విమల ఇంట్లో ఆడపిల్లల రక్తం సీసాల్లో పట్టి హైదరాబాదు పంపారట, అక్కడ మిషన్ల మీద పెట్టి వాళ్ల ఏడు తరాల సంగతి పొల్లుపోకుండా చదువుతారట, ఎవరు ఏ రోగంతో పోతారో ముందే కాగితం రాసిస్తారట. ఇదంతా మల్లక్క అన్నదని పొద్దున సావిత్రి వచ్చి చెప్పింది. ఊరికే చెప్పలేదు. మల్లక్క మగ్గం పక్కన కూర్చొని కండెలు చుడుతూ మూతి ఎట్లా తిప్పిందో అట్లాగే తిప్పి చెప్పింది. "గా రగతంల కులం గిట్ట కనవడ్తదానే సావిత్రీ? కనవడ్తే వాళ్ల తాత చర్చిల కలవకముందు ఏమున్నడో అది సుత బయటవడ్తది గదా" అని నవ్విందట. నవ్వి, గొంతు తగ్గించి, ఆ ఇంట్లో చాయ తాగకే, ఆ రోగం కప్పుకు పట్టుకొని ఉంటదట అన్నదట. సావిత్రి కూడా విమల లాగే ఆశా కార్యకర్త. పద్నాలుగేళ్లుగా ఇద్దరూ కొత్తవాడను చెరి సగం పంచుకొని తిరుగుతున్నారు. క్యాన్సర్ అంటురోగం కాదని వెయ్యి గడపల్లో చెప్పిన నోరు ఆమెది. "నేను గట్టిగనే తిట్టిన విమలక్కా" అన్నది. అన్నది గాని విమల ఇచ్చిన చాయ మాత్రం తాగలేదు. కప్పు చేతిలో అటూ ఇటూ తిప్పి, ఇయ్యాల కడుపుల మంచిగ లేదక్కా అని గూట్లో పెట్టి పోయింది.

ఆ చాయ మీద మీగడ కట్టింది. పారబోయడానికి చేయి రాక అట్లాగే వదిలి వచ్చింది విమల, ఇప్పుడు బస్తీ దవాఖాన బల్ల మీద కూర్చున్నా అదే కళ్లముందు ఆడుతోంది, ముడతలు పడ్డ ఆ తెల్లటి పొర. లోపల డాక్టర్ అక్షర పైఅధికారులతో వీడియో మీటింగులో ఉంది. ఒక గంటలో అయిపోతుంది, మీ ముగ్గురితో ఒకేసారి మాట్లాడతాను, కూర్చోండమ్మా అన్నది. అన్నప్పుడు విమల ముఖంలోకి చూడలేదు. చూడలేదంటే ఏమనుకోవాలి, రిపోర్టు చదివే ఉంటుంది, మంచిదైతే గడపలో నిలబడే చెప్పేసేది కదా, చిన్న పిల్ల, సంతోషం ఆపుకునే వయసు కాదు. తను మాత్రం, బాలింత ఇంటికి పోయి పసిబిడ్డను తూచినప్పుడు బరువు తక్కువుంటే తల్లి వైపు చూడకుండా కాటా వైపే చూస్తూ మాట్లాడదూ. చూపు తప్పించడం ఈ పనిలో అందరికీ ముందు అబ్బే విద్య. పక్కన పెద్దబిడ్డ ప్రియాంక. తలకు చుట్టుకున్న గుడ్డ కింద ఇప్పుడిప్పుడే నారుమడి లాగా మొలుస్తున్న వెంట్రుకలు, కుడివైపు జాకెట్టులో దూది. ముప్పై ఒకటి. రొమ్ము తీసి పది నెలలైంది. హైదరాబాదులో తీసిన డాక్టర్లే దాని రక్తం చదివి, ఇది పుట్టుకతో వచ్చింది, ఇంటి నుంచి వచ్చింది, తల్లినీ చెల్లెలినీ పరీక్ష చేయించండి అని కాగితం ఇచ్చి పంపారు. మూడు వారాల కింద ఇదే బల్ల మీద విమల ఎడమచేయి చాపింది, చిన్నబిడ్డ ప్రసన్న కుడిచేయి చాపింది. ప్రసన్న హన్మకొండలో బడి పంతులమ్మ, మూడో పీరియడ్ అయ్యాక స్కూటీ మీద వస్తానన్నది. ఇంకా రాలేదు. రాకపోతే బాగుండు. గంట కాదు, పదేళ్లు పట్టనీ ఆ మీటింగు.

ఎదురు గోడ మీద పోస్టరు. అద్దం ముందు నిలబడి రొమ్ములో గడ్డ ఉందేమో చేత్తో చూసుకుంటున్న ఆడమనిషి బొమ్మ. మైదాపిండి ఉడికించి విమలే అంటించింది దాన్ని, నాలుగేళ్లైంది, ఫ్యాను గాలికి ఒక మూల ఊడి టపటప కొట్టుకుంటోంది. బయట సందులో మగ్గాల చప్పుడు, జంపఖానా నేసేవాళ్లు పోగులు బిగించే పన్నెను బలంగా కొట్టే చప్పుడు, దబ్ దబ్ అని, ఈ చప్పుడులోనే ముప్పై రెండేళ్లు కాపురం చేసింది. ప్రియాంక పోస్టరు వైపు చూస్తోందా? లేదు, ఫోను చూస్తోంది. వర్ధన్నపేటలో అత్త దగ్గర వదిలి వచ్చిన పాప ఫోటో. రెండున్నరేళ్లు దానికి. ఆడపిల్ల. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి విమల మనసు కాలు జారిన మనిషిలా గోడ పట్టుకుంటుంది. ఆడపిల్ల. అక్షర కాగితం మీద గీసి చూపింది, మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్న, రోగం వచ్చినవాళ్లకు సున్న లోపల నలుపు. ఇది తల్లి నుంచైనా తండ్రి నుంచైనా వస్తుంది, ఒక్కొక్క బిడ్డకు సగం అవకాశం, వచ్చినంత మాత్రాన అందరికీ క్యాన్సర్ కాదు, కొందరు దీన్ని మోస్తూనే ముసలివాళ్లవుతారు అన్నది. మోస్తూనే. అంటే తన లాగా. యాభై నాలుగేళ్లు, ఒక నొప్పి లేదు, ఒక గడ్డ లేదు, ఎర్రటి ఎండలో రోజుకు నలభై ఇళ్లు తిరిగే గట్టి ఒళ్లు, ఇద్దరికీ కడుపునిండా పాలిచ్చిన ఒళ్లు. తనను ముట్టకుండా తన మీదుగా దాటిపోయింది. ఇంటి వాసం మీద పాకుతూ పోయే పాము లాగా, కింద పడుకున్నదాన్ని వదిలేసి ఉయ్యాలలోకి దిగింది. ప్రభువా, నా దగ్గర ఆగితే నీదేం పోయేది.

విమలకు ఈ పనిలో ఒక పేరుంది. సర్వేకు పోతే జనం అబద్ధం చెప్తారు, మా ఇంట్ల ఎవలకేం లేదమ్మా అంటారు, ఆడపిల్లలున్న ఇల్లయితే మరీ. మిగతావాళ్లు లేదు అని రాసుకొని లేస్తారు. విమల లేవదు. మంచినీళ్లడుగుతుంది. నీళ్లు తేవడానికి వాళ్లు లోపలికి పోయినప్పుడు గోడలు చూస్తుంది. గోడ మీద దండ వేసిన ఫోటోలో పడుచు ముఖం ఉంటే, నల్లటి జడా, ముక్కుపుల్లా ఉంటే, నీళ్లు తాగి గ్లాసు ఇస్తూ మెల్లగా అడుగుతుంది, గీమె ఎవలు అక్కా, ఇంత చిన్న వయసుల ఎట్ల పోయింది? అప్పుడు ఇంటావిడ కళ్లు తుడుచుకుంటుంది, సంగతంతా బయటికొస్తుంది. ముసలి ఫోటోలు ఏమీ చెప్పవు, పడుచు ఫోటోలే చెప్తాయి. సావిత్రికి కూడా ఈ కిటుకు నేర్పింది తనే. అందుకే, ప్రియాంకను పెండ్లికి చూసుకోవడానికి వర్ధన్నపేట వాళ్లు వస్తున్నారనగానే, ఆరేళ్ల కింద, తెల్లవారి లేచి మొట్టమొదట చేసిన పని, ముందుగదిలో అమ్మ ఫోటో దించడం. ముప్పై నాలుగేళ్ల కరుణమ్మ, నల్లటి జడ, ముక్కుపుల్ల. ఏదన్నా నోరు అడుగుతుంది. అడిగితే పుట్టినూరు రఘునాథపల్లిలో చెప్పే నోరు ఇంకోటి ఉంటుంది. పాత జంపఖానా ముక్కలో చుట్టి, సజ్జ మీద క్రిస్మస్ స్టార్ పెట్టే అట్టడబ్బాలో అడుగున పెట్టింది. గోడ మీద తెల్లటి చదరం మిగిలితే దాని మీద క్యాలెండర్ తగిలించింది. అమ్మమ్మ ఫోటో ఏదమ్మా అని పిల్లలు అడిగితే అద్దం పగిలింది, ఫ్రేము వేయడానికి ఇచ్చిన అన్నది. ఆరేళ్లుగా ఆ ఫ్రేము తయారవుతూనే ఉంది. వచ్చినవాళ్లు గోడలు చూశారు, కళ్లు ఎక్కడా ఆగలేదు, సంబంధం కుదిరింది. చర్చిలో మూడు ఆదివారాలు ప్రకటన చదివారు, వీరిద్దరి వివాహమునకు ఎవరికైనా అభ్యంతరము తెలిసియుంటే ఇప్పుడే చెప్పవలెను అని. మూడుసార్లూ పాస్టరుగారు చదివి ఒక్క క్షణం ఆగారు. ఆ క్షణంలో ఎవరో దగ్గారు. విమల కొంగు సర్దుకుంది.

అమ్మ కూడా కొంగే సర్దుకునేది. రఘునాథపల్లిలో పత్తి చేను గట్టు మీద, వంగి ఏరుతూ ఏరుతూ లేచి, ఎడమవైపు కొంగు సర్దుకొని మళ్లీ వంగేది. పదేళ్ల విమలకు ఏం తెలుసు, అమ్మకు సిగ్గెక్కువ అనుకున్నది. తరువాత వాసన. మాగిపోయిన జామపండు వాసన, పగలంతా ఇంట్లో ఎక్కడ జామపండు దాచారా అని వెతికింది, చిన్నాయన కొడుకు తిని గింజలు పడేశాడని వాడితో కొట్లాడింది కూడా. ఒకరోజు అమ్మ స్నానానికి నీళ్లు తోడిపెడుతుంటే తడక సందులోంచి చూసింది. తను చూడడం అమ్మ కళ్లు చూశాయి. తిట్టలేదు. దగ్గరికి పిలిచి తడిచేత్తో గడ్డం పట్టుకొని, "ఎవలకు చెప్పకు బిడ్డా, మీ నాయినకు సుత చెప్పకు. తెలిస్తే రేపు నీకు పెండ్లి కాదు" అన్నది. పదేళ్ల పిల్లకు పెండ్లి సంగతి. దాని కోసం ఒక మనిషి పుండును గుడ్డపీలికలతో కట్టుకొని మూడు పంటలు పత్తి ఏరింది. నాన్న శామ్యూల్ చివరికి ఎడ్లబండి కట్టి తీసుకుపోతే దవాఖానలో చేర్చుకోనే లేదు. ఇంటి బైబిల్ మొదటి కాగితంలో నాన్న గుండ్రటి చేతిరాత, కరుణమ్మ ప్రభువునందు నిద్రించెను, తారీఖు. దాని పైన అమ్మమ్మ, ప్రభువునందు నిద్రించెను. కింద చిన్నమ్మ, ప్రభువునందు నిద్రించెను. ముగ్గురూ నలభై దాటకుండా ఎందుకంత తొందరగా నిద్రపోయారో ఆ బైబిల్లో లేదు. విమల భర్త సుందర్ రావుకు ఈనాటికీ తెలిసింది, అత్త జ్వరంతో పోయిందని. మంచి మనిషి, చర్చి కమిటీ సభ్యుడు, ఇప్పుడు ప్రసన్న పెండ్లి ప్రకటన కాగితం పాస్టరుగారి చేతికి ఇచ్చి వచ్చింది కూడా ఆయనే. ఇస్త్రీ చొక్కా వేసుకొని పోయాడు.

మూడేళ్ల కింద అక్షర ఈ దవాఖానకు కొత్తగా వచ్చినప్పుడు సర్కారు ఫారాలకు తోడు తనదొక కాగితం తయారుచేసింది. అమ్మ, అమ్మమ్మ, చిన్నమ్మలు, మేనత్తలు, ఎవరికైనా రొమ్ము, గర్భసంచి, అండాశయం క్యాన్సర్ ఉండేదా, ఏ వయసులో. మందుగోలీ లాగా తెల్లగా ఉండే పిల్ల, గట్టిగా మాట్లాడితే కందిపోయేలా ఉంటుంది, ఆశలందరినీ కూర్చోబెట్టి, ముందు మీ ఇళ్ల నుంచే మొదలుపెట్టండి అన్నది. ఈ బల్ల మీదే కూర్చొని రాసింది విమల. పక్కన సావిత్రి, మా అత్తకు నోరే క్యాన్సర్, అది ఏ గడిల రాయాలె మేడం అని అందరినీ నవ్వించింది. ఆ నవ్వులో విమల లేదు, లేదు, లేదు అని మూడు గడుల్లో రాసింది. నీలం పెన్ను. అక్షరాలు గుండ్రంగా, నాన్న చేతిరాతే. ఎందుకు రాసింది? ప్రియాంక పెండ్లి ఎప్పుడో అయిపోయింది, కానీ ప్రసన్న ఉంది కదా ఇంకా. ఆ కాగితాలు సావిత్రి చేతిలోంచే పోతాయి, సావిత్రి చేతికి పోయిందేదీ మల్లక్క చెవికి పోకుండా ఉండదు. ఒక్కొక్క లేదుకు అర సెకను పట్టి ఉంటుంది. ఆ రోజు ప్రియాంకకు ఐదో నెల. ఉంది అని రాసి ఉంటే అక్షర ఊరుకునేదా, ఇప్పుడు పంపినట్టే అప్పుడు రక్తం పంపేది, ప్రతి ఆర్నెల్లకూ చూసేది, బఠానీ గింజంత ఉన్నప్పుడే పట్టుకునేది. బఠానీ గింజ. ఆ మాట కూడా ఈ పోస్టరులోనే ఉంది.

పాపకు ఏడాది నిండినప్పుడు ప్రియాంక ఫోన్ చేసింది. అమ్మా, కుడిదిక్కు గడ్డలెక్క తలుగుతాంది, నొప్పి లేదు. నొప్పి లేదు అన్న మాట విని ఏ ఆశా కార్యకర్త అయినా లేచి నిలబడాలి. విమల కూర్చునే ఉంది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉంది. "పాలగడ్డనే బిడ్డా, ఫికర్ చెయ్యకు. పాలు మాన్పిస్తానవ్ గద, గట్లనే గడ్డకడ్తయ్. వేడిగుడ్డ కాపడం పెట్టు, పాలింకిపోతందుకు రొమ్ముకు మల్లెపూలు కట్టుకో" అన్నది. మల్లెపూలు! తనే బజారుకు పోయి రెండు మూరలు కొని, వర్ధన్నపేట బస్సులో పోయి, తన చేతులతో కట్టింది. కట్టినప్పుడు ఈ వేళ్లకు తగిలింది, గట్టిగా, కదలకుండా, చింతగింజలాగా. తెలిసింది. తెలియలేదని ఏ దేవుడి ముందు ప్రమాణం చేస్తుంది? వేళ్లకు తెలిసింది, వేళ్లు మెదడుకు చెప్పబోతే మెదడు తలుపేసుకుంది. ఏడు నెలలు. పండగలకు పోయినప్పుడల్లా తగ్గిందా అని అడిగింది, ఏమో అమ్మా అన్నది అది. ఏడు నెలల మల్లెపూల వాసన. ఇప్పుడు ఏ గుడి దగ్గర ఆ వాసన వచ్చినా విమల ముక్కు మూసుకొని పక్క సందులోకి మళ్లుతుంది.

పోయిన డిసెంబరులో, ప్రియాంక రెండో కీమో అయ్యి ఇంట్లో ఉన్నప్పుడు, నేను దించుత, నువ్వు ఆగమ్మా అని తనే స్టూలు ఎక్కి స్టార్ డబ్బా దించింది. విమల వంటింట్లో ఉంది. డబ్బా తెరిచిన చప్పుడు, కాగితం చప్పుడు. చేతిలో గరిట అట్లాగే పట్టుకొని నిలబడింది విమల. బయటికి వచ్చి చూస్తే ప్రియాంక జంపఖానా ముక్క విప్పి, గుండు తల వంచి, అమ్మమ్మ ఫోటో అద్దాన్ని చున్నీ కొసతో తుడుస్తోంది. పగలని అద్దం. తుడిచి మళ్లీ చుట్టి మళ్లీ అక్కడే పెట్టింది. స్టార్ లో బల్బు వెలుగుతదో లేదో చూడు అమ్మా అన్నది, అంతే. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేది విమల. అడగలేదు. తొమ్మిది నెలలుగా అడగకుండానే ఇంట్లో తిరుగుతోంది.

ప్రసన్న వచ్చింది. చేతికి సుద్ద అంటింది, చీర కుచ్చెళ్లు స్కూటీ మీద నలిగాయి, చెమట తుడుచుకుంటూ అక్క పక్కన కూలబడి, "ఏందే, ఇద్దరు గోడలెక్క కూసున్నరు. కిరణ్ వాళ్లమ్మ ఫోన్ జేసింది, కార్డులల్ల నా పేరు పక్కన బీఎడ్ అని ఏసిన్రట, గోల్డ్ రంగుల" అని నవ్వింది. ఇరవై ఆరు దానికి. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట, అచ్చం కరుణమ్మకు పడ్డట్టే. పోయిన ఆదివారం కిరణ్‌తో దాని పెండ్లికి రెండో ప్రకటన అయింది, పాస్టరుగారు ఆగిన ఆ ఒక్క క్షణంలో విమల తన మోకాళ్లనే చూసుకుంది, లే లే అన్నాయి మోకాళ్లు, లేవలేదు. ఎల్లుండి మూడోది. రేపు కిరణ్ తల్లీ మేనత్తలూ కార్డులు పట్టుకొని ఇంటికి వస్తున్నారు. ప్రియాంక సంగతి వాళ్లకు గర్భసంచి ఆపరేషన్ అని చెప్పి ఉంచింది, నిశ్చితార్థం రోజు విగ్గు పెట్టి ఒక మూల కూర్చోబెట్టింది. దీనికి రావద్దు ప్రభువా, దీనికొక్కదానికి వద్దు, నాకు ఉండనీ, ఇప్పుడే రానీ, రెండువైపులా రానీ, తీసి కుక్కలకు వేస్తా. ఇంతలో తలుపు తెరుచుకుంది. అక్షర మెడలో స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టి, ముగ్గురూ రండి అన్నది. ఈసారి కూడా ముఖం చూడలేదు.

ఉన్న రెండు కుర్చీల్లో బిడ్డలు కూర్చున్నారు, విమల నిలబడింది. "అనుకున్నదే విమలమ్మా, మీకు ఉంది. ప్రసన్నకు కూడా ఉంది." ఆ తరువాత అక్షర చాలా చెప్పింది, పాపం, ఎంతో నిదానంగా చెప్పింది, ఇది రోగం కాదు, రోగం వచ్చే అవకాశం, ముందే తెలిసింది కాబట్టి ఏటా ఎంఆర్ఐ తీద్దాం, పిల్లలు పుట్టాక ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు, హైదరాబాదులో మాట్లాడేవాళ్లున్నారు. విమలకు మగ్గం చప్పుడే వినిపించింది. ప్రసన్న చేతికున్న సుద్దను గోటితో గీకుతోంది, ఒక్కొక్క వేలూ, శ్రద్ధగా. అక్షర బీరువాలోంచి పాత ఫైలు తీసింది. మూడేళ్లనాటి కాగితం. నీలం సిరా. "ఇది సరిచేయాలి" అన్నది, పెన్ను మూత తీసి, "అమ్మగారు ఎట్లా పోయారు?" నలభై నాలుగేళ్లు నాలుక కింద దాచిన మాట బయటికి వస్తే ఎంత చిన్నగా ఉంది. "రొమ్ముల గడ్డనే మేడం. మా చిన్నమ్మకు సుత. మా అమ్మమ్మకు సుత." అక్షర సున్న గీసింది, నింపింది. ఇంకో సున్న గీసింది, నింపింది. మూడోదీ గీసింది, నింపింది. పెన్ను బరబర చప్పుడు. "మరి జరమన్నవ్ గదమ్మా" అన్నది ప్రసన్న, తల ఎత్తకుండా. తరువాత ఫోను తీసి, "కిరణ్‌కు ఇప్పుడే చెప్త" అన్నది.

విమల చేయి ఆ ఫోను మీద పడింది. తనే వేసిందా, అమ్మ తడిచేయి వచ్చి పడిందా. "జర ఆగు బిడ్డా. నీకు దండం పెడ్త, ఎల్లుండి మూడో ప్రకటన కానియ్యి. పెండ్లైనంక నిమ్మలంగ చెప్పుకుందాం, ఇదేమన్న ఇయ్యాల వచ్చిందా, రేపు పోతదా. రేపు వాళ్లోళ్లు ఇంటికస్తాండ్రు, గోడకు ఏమున్నది, మంచంల ఎవలున్నరు, అన్ని చూస్తరు. అక్కను సాయంత్రం బస్సుకే వర్ధన్నపేటకు తోలుదాం. ఆ తల జూస్తె పది అడుగుతరు."

ప్రియాంక తలగుడ్డ ముడి విప్పింది. తొందరపడలేదు. గుడ్డను నాలుగు మడతలు పెట్టి అక్షర బల్ల మీద, ఆ కాగితం పక్కన పెట్టింది.

"స్టార్ డబ్బల అమ్మమ్మ పక్కకు జాగున్నది గదమ్మా. నన్ను గూడ అండ్లనే పెట్టు."